ప్లస్ పది

దిబ్బ అంటే మా రావులపాలెం వైపు
ఊరి చెత్తంతా పోసే చోటు.
ఇక్కడ అది ఊరి పేరు.
బోడి కొండ, కొండ కింద ఖర్జూరపు తోట,
తోట దాటితే చేపల మార్కెట్టు,
ఆ వెనకే సముద్రం.

ఆరు రోజులు నేను కళ్ళద్దాల షాపులో
చీకటి గదిలో ఉంటాను.
ఎదుటివాళ్ళ ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి
అద్దం తీసి అద్దం వేస్తూ
ఇది బాగుందా, ఇదా?
ఇదా, ముందుదా?
నిద్రలో కూడా అడుగుతానని
రూమ్‌లో ఉండే బిన్సీ చెబుతుంది.

శుక్రవారం షాపు సాయంత్రం నాలుగింటికి గానీ తెరవరు.
పొద్దున్న ఆరింటికే హుమైద్ పడవలో కూర్చుని
కెమెరా పెట్టె రబ్బరు రింగుకి గ్రీజు రాస్తుంటాను,
తలలో పేలు చూసినంత శ్రద్ధగా.
ఒక్క వెంట్రుక పడితే చాలు
రెండేళ్ళ ఓవర్‌టైమ్ ఉప్పునీళ్ళ పాలు.

పదకొండు మీటర్ల కింద, రాయి పక్కన,
ఇసుకలో ఒక బొరియ.
గుమ్మంలో చిటికెన వేలంత చేప, కాపలా.
దాని వెనక ఇసుక ఎత్తిపోస్తూ రొయ్య.
రొయ్యకి చూపు ఆనదు.
పొద్దస్తమానం తవ్వుతుంది, తవ్వింది బయట పారబోస్తుంది,
బయటికొచ్చిన ప్రతిసారీ
ఒక మీసం చేప వీపు మీద ఆనించి ఉంచుతుంది.
చేప తోక వణికిందా, ఇద్దరూ లోపలికి.
అంతే వాళ్ళ ఒప్పందం.
కాగితం లేదు, కఫీలు లేడు.

మొదటి శుక్రవారం అరవై ఒక్క ఫొటోలు తీశాను.
నలభై, ఇసుకవి.
ఇరవై, ఇప్పుడే చేప ఉన్న చోటువి.
ఒకటి నా వేలిది.

కెమెరా మూతి మీదికి ప్లస్ పది అద్దం దించితే
లోకం మా మేనత్త తీసే పూతరేకంత పలచనవుతుంది.
ఆ రేకు మీదే చేప కన్ను పడాలి.
కన్ను పడితే తోక మంచు.
తోక పడితే కన్ను మంచు.
ఊపిరి పీలిస్తే జానెడు పైకి తేలతాను,
వదిలితే జానెడు కిందికి.
పీల్చడానికీ వదలడానికీ మధ్య
నువ్వుగింజంత ఆగడం ఒకటుంటుంది.
వేలు అక్కడ నొక్కాలి.

అంగుళం ముందుకి జరగడానికి ఐదు నిమిషాలు.
కాలు కాస్త తప్పుగా ఆడిందా
నీళ్ళు మజ్జిగైపోతాయి.
ఇది బాగుందా, ఇదా?
నోట్లో గొట్టం, మాట బుడగలై పైకి పోతుంది.
చేప ఒక కన్ను నా వైపు, ఒక కన్ను కొండ వైపు తిప్పింది.
నా పేషెంట్లలో
తొందర లేనిది అదొక్కటే.

నాలుగో శుక్రవారం దొరికింది.
బుగ్గ నిండా నీలపు చుక్కలు,
బడిపిల్ల ఎవరో రీఫిల్ పెన్నుతో పెట్టినట్టు.
ఆవగింజంత కనుపాప.
ప్రింటు తీశాక భూతద్దం పెట్టి చూస్తే
అందులో రెండు తెల్లని మెరుపులు, నా దీపాలు.
వాటి మధ్య నల్లగా ఉన్నది నేను.

సోమవారం రాజలింగం వచ్చాడు.
కోరుట్ల మనిషి,
ఇరవై రెండేళ్ళుగా కందూరాలు కుట్టే దర్జీ.
"సూదిల దారం పోతలేదు మేడం.
దూరం వెట్టుకుంటె కనవడ్తది,
గని చెయ్యి సాల్తలేదు."

ప్లస్ రెండు వేశాను.
ఇదా, ముందుదా?
అరచెయ్యి దగ్గరికి తెచ్చుకున్నాడు.
చాలాసేపు మాట్లాడలేదు.
సూది పోట్లు లెక్కపెడుతున్నాడనుకుంటా.

చదివించడానికి చిన్నక్షరాల కార్డుంది,
ఒక వైపు అరబ్బీ, ఒక వైపు ఇంగ్లీషు.
రాజలింగానికి తెలుగే కూడబలుక్కోవాలి.
బల్ల మీదున్న ఫొటో చేతికిచ్చాను.

"చేప మీద దారం వడ్డది, దులుపలేదా?"
దారం కాదు, రొయ్య మీసమని చెప్పాను.
తవ్వేదెవరో, చూసేదెవరో,
అంతా చెప్పాను.
ఫొటో దగ్గరికి తెచ్చుకున్నాడు,
ఇంకా దగ్గరికి.

"ఒక్కటే రూమా ఇద్దరికి?"

ఒకటే.

"మరి కిరాయి ఎవలు కడ్తరు?"